నడకకు తోడు

మా ఊళ్లో ఎవరూ ఊరికే నడవరు. చేతిలో కొడవలి ఉంటే చేనికి, సంచి ఉంటే అంగడికి, పాటల పుస్తకం ఉంటే ప్రార్థన కూడికకు. ఉత్త చేతులు ఊపుకుంటూ పోయే మనిషి కనబడితే మావాళ్లకు తిన్నది అరగదు. అరుగు మీద కూర్చున్నవాళ్లు అడుగుతారు, పాలు పోసి వచ్చేవాళ్లు అడుగుతారు, ట్రాక్టరు మీద పోయేవాడు బండి ఆపి మరీ అడుగుతాడు, "యాడికి పోతాండావు?" అని. జవాబు చెప్పకుండా ముందుకు పోతే పొగరంటారు. "ఊరికే" అంటే అది జవాబు కిందికే రాదు.

ఈ సంగతి తెలియని డాక్టరమ్మ నన్ను రోజూ నడవమంది.

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు మానకుండా వేసుకుంటున్నాను కదా, ఇంకేం భయమని ఉన్నాను. మొన్నటి చలికాలంలో అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. ఒక ఆదివారం చర్చి గుమ్మం దాకా వెళ్లి చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో నాకు తెలియదు. నవ్వినవాళ్లు నవ్వారు. నేను మాత్రం ఆ ఆరాధన అంతా నా కాళ్ల వంకే చూస్తూ కూర్చున్నాను. షుగరుతోనే పోయిన మా ఆయన దావీదురాజుకు కూడా ముందు చెప్పే జారింది. తరువాత బొటనవేలు తీశారు. ఆ తరువాత పాదమే తీయాల్సి వచ్చింది. కె.సి. కాలువ మీద నీళ్లు వదిలే లస్కరుగా పనిచేసి, భుజాన పార పెట్టుకుని కాలువ గట్టంతా తన కాళ్లతో కొలిచిన మనిషి, చివరి రోజుల్లో మంచం దిగడానికి నా భుజం కోసం చూసేవాడు. నాకు చావంటే అంత భయం లేదు. నా కాళ్లు నాకు లేకుండా పోతాయేమోనని మాత్రం చెప్పలేనంత భయం.

మరుసటి రోజే కోడలు కృపారాణిని వెంటబెట్టుకుని నందికొట్కూరు పోయాను. డాక్టరమ్మ శిల్ప చిన్నపిల్లలా ఉంది గానీ ఓపిక ఉన్న మనిషి. కళ్లు మూసుకోమని, పాదాల మీద ఏదో సన్నటి దారంలాంటి దానితో తాకుతూ, తాకినప్పుడల్లా చెప్పమంది. నేను కొన్నింటికే పలికానట. కృపారాణి ముఖం చూస్తే తెలిసిపోయింది. రక్తం పరీక్ష కూడా అయ్యాక డాక్టరమ్మ అంది, "షుగర్ ఎక్కువగా ఉంది. దాంతోపాటు బి ట్వెల్వ్ తగ్గిపోయిందమ్మా. మీరు వాడే మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి అట్లా తగ్గుతుంది. దానికి వేరే మాత్ర రాస్తున్నాను. అన్నం తిన్నాక కాసేపు, రోజూ, నడవాలి. ఇది మాత్రం నేను రాసిచ్చేది కాదు, మీరు చేయాల్సింది."

నేను సంచిలోంచి రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి మెంతిపొడి, ఇంకోటి నేరేడు గింజల పొడి. రెండూ దావీదురాజు వదిలిపోయినవే. "ఇవి యేసుకోవచ్చునా?" అని అడిగాను.

ఆమె మూతలు తీసి వాసన చూసింది. "పాతబడిపోయాయి, పారేయండి. మెంతులు కావాలంటే కొత్తవి కొనుక్కుని వాడుకోండి. ఏ పొడి వేసుకున్నా నాకు చెప్పి వేసుకోండి, మాత్రతో కలిసి షుగర్ మరీ పడిపోకుండా చూసుకోవాలి. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి. ఇవన్నీ మాత్రకూ నడకకూ తోడే గానీ, బదులు కాదు."

తోడన్న మాట నాకు చప్పున పట్టింది. "అంటే పాలల్లో యేసే తోడు మాదిరి అన్నమాట. పాలే పోయకుండా ఉత్త గిన్నెలో తోడేసి మూత పెడితే పెరుగు యాడ నుంచి వస్తాది?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "ఇకమీదట అందరికీ ఇట్లాగే చెప్తాను."

ఆమె నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. దావీదురాజు చేసింది సరిగ్గా అదే. పదవీ విరమణ అయినాక ఆయనకు పొడుల పిచ్చి పట్టింది. కాకరకాయ రసం, పొడపత్రి ఆకు, కర్నూలు నుంచి ఎవరో తెచ్చిన మూలికల పొడి నింపిన గొట్టాలు, ఎవరు ఏది చెబితే అది. ఒక్కో పొడి వచ్చినప్పుడల్లా ఒక్కో మాత్ర మానేశాడు. నడవమంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. గట్టంతా తిరిగిన మనిషికి ఆ మంచం ఎట్లా రుచించిందో నాకు ఎన్నటికీ అర్థం కాలేదు. ఆయన పోయినందుకు ఏడ్చిన ఏడుపు కన్నా, ఇట్లా పోయినందుకు వచ్చిన కోపమే నాలో ఎక్కువ రోజులు ఉంది.

సరే, నడక మొదలుపెట్టాను. పొద్దున సంగటి తిని, చెప్పులకు వెనక పట్టీ కట్టించుకుని, వీధిలోకి దిగాను. నాలుగిళ్లు దాటానో లేదో మొదలైంది.

"యాడికి వదినా?"

"ఊరికే మ్మే."

"ఊరికేనా? ఊరికే ఎవురు పోతారు?"

ఇంకో ఇంటి దగ్గర, "కొడుకు ఏమన్నా అన్యాడా?" అని గొంతు తగ్గించి మరీ అడిగారు. షుగరుకని చెప్పి చూశాను. "షుగరుకైతే మాత్ర మింగు, వీధులెమ్మట తిరిగితే తగ్గుతాదా?" అన్నారు. సాయంత్రానికి ఊరంతా ఒక కథ తయారైంది. కోడలు అన్నం పెట్టడం లేదట, అందుకే విశ్వాసమ్మ పొద్దున్నే ఇల్లు విడిచి తిరుగుతోందట. కృపారాణి పంపు దగ్గర ఆ మాట విని ఏడుస్తూ వచ్చింది. "అత్తా, నీ కాలు మొక్కుతా, ఇంట్లోనే నడువు. ఈ వరండాలో అటూ ఇటూ తిరుగు" అంది. పాపం, దాని తప్పేముంది. వరండాలో తిరిగాను. గోడ దగ్గరికి పోయి తిరగడం, మళ్లీ ఇంకో గోడ దగ్గరికి పోయి తిరగడం. గానుగెద్దుకైనా ఆ చివర నూనె వస్తుందన్న ధీమా ఉంటుంది. రెండో రోజుకే నాకు విసుగొచ్చి మళ్లీ రోడ్డెక్కాను.

ఆ రోజు కాలువ వంతెన దగ్గర ఓబుళేశు ట్రాక్టరు ఆపాడు. మంచి పిల్లోడే. మా ఆయన్ను మామా మామా అని వెంట తిరిగినవాడు. వాడూ అదే అడిగాడు, "యాడికత్తా, ఎండ పడి పోతాండావు?"

అప్పటికి ఆ ప్రశ్న ఆ పొద్దున ఎంతమంది అడిగారో, నా ఒళ్లు మండిపోయింది. ఎదురుగా, రోడ్డు చివర, తుమ్మచెట్ల నడుమ మా సమాధుల తోట కనబడుతోంది. చెయ్యి అటు చూపించి, "మీ మామ కాడికి పోతాండా, చాలునా?" అన్నాను.

వాడి ముఖం చప్పున మారిపోయింది. తలపాగా తీసి చేత్తో పట్టుకుని, "పోయిరా అత్తా" అని మెల్లగా అన్నాడు. నేను దాటిపోయే దాకా ఇంజను చప్పుడు కూడా పెంచలేదు.

అంతే. ఆ తరువాత నన్ను అడిగినవాళ్లు లేరు. పొద్దున నేను కనబడితే అరుగు మీది ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేవాళ్లు. "సచ్చిపోయినా మొగుడ్ని ఇడ్సలేదు సూడు" అని వెనక నుంచి మెచ్చుకునేవాళ్లు. నాకు లోపల నవ్వొచ్చేది. దావీదురాజూ నేనూ బతికినన్నాళ్లు కోడిపుంజుల్లా కొట్లాడుకున్న సంగతి ఈ వీధికి తెలియనిదా? అయినా దారి దొరికింది, అది చాలనుకున్నాను.

పోయినదాన్ని ఊరికే ఉంటానా. ఆయన సమాధి ముందు నిలబడి ఎత్తిపొడుపులు మొదలుపెట్టేదాన్ని. "చూసినావా, నడుస్తాండా. మాత్ర యేసుకున్యా, నడుస్తాండా, మెంతులు నీళ్లల్లో నానేసుకుని తింటాండా. మూడూ చేస్తాండా. నువ్వు ఒకటే పట్టుకున్యావు, అదీ తోడును పట్టుకున్యావు." సిమెంటు పలక ఏమంటుంది? బతికి ఉన్నప్పుడు నేను ఒకటంటే ఆయన రెండనేవాడు. ఇప్పుడు నేను ఎంత అన్నా వింటున్నాడు. కొన్నాళ్లకు తిట్టడం అయిపోయింది. ఊరి సంగతులు చెప్పడం మొదలైంది. కాలువకు నీళ్లు ఎప్పుడు వదిలారో, తూము దగ్గర గండి ఎట్లా పూడ్చారో, కొత్త లస్కరు ఎంత బద్ధకస్తుడో. ఇవి ఆయనకు ఇష్టమైన సంగతులు. ఒకరోజు దారిలో పోతూ పోతూ, ఇవాళ ఏం చెప్పాలి అని ఆలోచిస్తున్నానని గమనించి నాకే సిగ్గేసింది.

ఎండలు ముదిరే వేళకు అరికాళ్లలో తిమ్మిరి తగ్గింది. రాయి తొక్కితే రాయని తెలిసింది. నొప్పికి అంత సంతోషపడిన మనిషి ఇంకెవరూ ఉండరేమో. డాక్టరమ్మ మళ్లీ దారంతో తాకితే ముందుకన్నా చాలా వాటికి పలికాను. "ఏం చేశారమ్మా?" అంది. "మా ఆయనతో కొట్లాడి వస్తాండా రోజూ" అన్నాను.

ఈ సంగతి పెద్దింటికి పాకింది. పెద్దింటి నాగలక్ష్మమ్మ నన్ను పిలిపించింది. ఊళ్లో సగం భూమి వాళ్లది. నా వయసుదే గానీ ఒళ్లు చేసి, కూర్చున్న చోటి నుంచి లేవడానికి ఆయాసపడుతుంది. ఆమె అత్తగారి కాలంలో ఆ ఇంటి ఆడవాళ్లు బస్సెక్కడానికి రోడ్డు దాకా పోతే మా అత్త తోడు పోయేది. తోడంటే పక్కన నడవడం కాదు. నెత్తిన మూట పెట్టుకుని నాలుగడుగులు వెనక నడవడం. బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడి, మూట ఎక్కించి, ఒక్కతే తిరిగి రావడం. ఆ ఇంటి వాకిట్లోకి పోయినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది. నాగలక్ష్మమ్మ చెడ్డది కాదు. కుర్చీ వేయించి, కూర్చోమంది.

"ఏం యేసుకుంటాండావు మే విశ్వాసమ్మా? నాకూ చెప్పు. మా వాడు కర్నూలు నుంచి ఇది తెచ్చినాడు" అని ఒక పెద్ద డబ్బా చూపించింది. బంగారు రంగు మూత, దాని మీద ఆకుల బొమ్మలు. "ఇది తాగితే మాత్రలు అక్కర ల్యాదంట. మాత్రలు నిలిపేసినా."

దావీదురాజు గొంతే వినబడినట్టయింది నాకు. "అమ్మా, నిలపవద్దండి. నాకు డాక్టరమ్మ ఏం చెప్పిందంటే, ఇయ్యన్నీ తోడంట. బదులు కాదంట. మాత్ర యేసుకోండి, నడవండి, ఆ పొడి ఆయమ్మకు చూపిచ్చి, సరే అంటే తాగండి."

"నడవాల?" ఆమె నవ్వింది. "నేను యాడికని నడ్సేది? నీకంటే మీ ఆయన సమాధి ఉండాది. మా ఆయన ఇంట్లోనే కూచోని టీవీ చూస్తాండాడు."

ఇద్దరమూ పడీ పడీ నవ్వాము. నవ్వుతూనే వచ్చేశాను గానీ, ఆమె అడిగింది తప్పు ప్రశ్న కాదని దారి పొడుగునా అనిపించింది.

నా నడక చెడింది చర్చిలోనే. మా అయ్యగారు యేసుప్రసాద్ కొత్తగా వచ్చిన పాస్టరు, మంచి మనసున్నవాడు, ఏదైనా మంచి కనబడితే దాచుకోలేడు. ఆ ఆదివారం ప్రసంగంలో నమ్మకత్వం గురించి చెబుతూ నా వైపు చెయ్యి చూపించాడు. "మన సంఘంలో ఒక తల్లి ఉంది. భర్త ప్రభువునందు నిద్రించినా, ఎండైనా గాలైనా ప్రతి ఉదయం ఆయన సమాధి దగ్గరికి నడిచి పోతోంది. ఇది ప్రేమ కాకపోతే ఏమిటి?" అన్నాడు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఒకరు నా మీద లేని నింద వేస్తే నేను భరిస్తాను. నాలో లేని గుణం తగిలిస్తే మాత్రం నాకు ఒంటికి పడదు. అందులోనూ దేవుని సన్నిధిలో. లేచి నిలబడ్డాను. "అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దండి. నేను ఆయన కోసం పోవడం ల్యాదు. నా షుగరు కోసం పోతాండా. ఊరికే నడిస్తే వీళ్లు నడవనీరని ఆ మాట చెప్పినా. సమాధుల తోట ఆ చివర ఉండాది కాబట్టి ఆడిదాకా పోతాండా."

మగవాళ్ల వైపు నుంచి నవ్వు లేచింది. అయ్యగారి ముఖం వాడిపోయింది. నేను కూర్చున్నాక గానీ తెలియలేదు, చెప్పింది సగం నిజమేనని. మిగిలిన సగం నోటి దాకా వచ్చింది గానీ ఇక లేవలేకపోయాను.

బయట మా ఆడబిడ్డ దీవెనమ్మ దారికి అడ్డంగా నిలబడింది. "మా అన్న సమాధి నీకు గ్రౌండు అనుకున్యావా? ఒళ్లు తగ్గించుకునేదానికి నీకు వేరే చోటు దొరకల్యా?" అని అందరి ముందూ అరిచింది. ఆమెకు అన్నంటే ప్రాణం. నేను ఏం చెప్పినా వినే స్థితిలో లేదు. నాకేమో మాట పడితే తిరిగి అనే అలవాటు. ఆ రోజు మాత్రం ఏమీ అనలేక ఇంటికి వచ్చేశాను.

ఆ మరుసటి రోజు నుంచి నడవలేదు. బయటికి పోతే ఏ ముఖం పెట్టుకుని పోవాలి? సమాధి దగ్గరికి పోతే దీవెనమ్మ బాధపడుతుంది. పోకపోతే "ఏం విశ్వాసమ్మా, షుగరు తగ్గిపోయినాదా?" అని అరుగులు నవ్వుతాయి. కృపారాణి వరండా ఊడ్చి, అడ్డమున్న గంపలు తీసి, "ఈడ నడువు అత్తా" అంది. నేను మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

వాన రావాల్సిన నెల వచ్చింది, వాన రాలేదు. ఒక పొద్దున పెరట్లోకి పోయి వస్తుంటే కృపారాణి నా కాళ్ల వైపు చూసి ఆగిపోయింది. నా కుడి కాలికి చెప్పు లేదు. అది పెరటి తలుపు దగ్గర పడి ఉంది. పట్టీ తెగిన సంగతే నాకు తెలియలేదు.

చెప్పు తెమ్మని కోడలిని పంపి వంటింట్లోకి పోయాను.  డాక్టరమ్మ పారేయమన్నా పారేయలేక దాచుకున్న దావీదురాజు మెంతిపొడి డబ్బా తీసి, ఒక గరిటెడు నోట్లో వేసుకుని, నీళ్లు తాగాను. ఇంకో గరిటెడు వేసుకున్నాను. చేదుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొకటి తీసుకోబోయి ఆగిపోయాను. అప్పుడు నాకు దావీదురాజు అర్థమయ్యాడు.

పదవీ విరమణ అయిన కొత్తలో ఆయన నడిచాడు. నాకు బాగా గుర్తుంది. భుజాన పార పెట్టుకునే గట్టు మీదికి పోయేవాడు. పార లేకుండా పోవడం ఆయనకు చేతకాలేదు. ఒక రోజు వంతెన దగ్గర కూర్చున్నవాళ్లు, "ఏమప్పా దావీదూ, ఉద్యోగం పోయినా పార దించల్యా? యాడికి పోతాండావు?" అని నవ్వారట. ఇంటికి వచ్చి పారను తలుపు వెనక నిలబెట్టాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఎందుకని నేను అడిగితే కాళ్లు నొస్తున్నాయన్నాడు. ఆ తరువాతే ఒక్కొక్క డబ్బా ఇంట్లోకి రావడం మొదలైంది. పొడి మింగేవాడిని యాడికని ఎవరూ అడగరు. తలుపు మూసుకుని, మంచం దిగకుండా మింగొచ్చు. ఆయన మొండితనం అనుకున్నాను ఇన్నాళ్లూ. అది సిగ్గు. ఇప్పుడు నా చేతిలో ఉన్న గరిటె కూడా అదే సిగ్గు. ఆ వంటింట్లో నిలబడి ఆయన కోసం ఏడ్చాను, కోపం లేకుండా ఏడవడం అదే మొదలు.

అప్పుడే వాకిట్లో ఎవరో పిలిచారు, "మే విశ్వాసమ్మా, ఉండావా?"

కళ్లు తుడుచుకుని వచ్చి చూస్తే నాగలక్ష్మమ్మ. నడిచి వచ్చింది. పెద్దింటి ఆడవాళ్లు మా వీధిలోకి నడిచి రావడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వీధిలో తలుపులన్నీ తెరుచుకుని ఉన్నాయి. ఆమె ముఖమంతా చెమట. కృపారాణి పరుగెత్తి కుర్చీ తెచ్చింది.

"కూచోను. కూచుంటే మళ్లా లేవలేను" అంది. ఎడమ పాదం ఎత్తి చూపించింది. మడమకు గుడ్డ కట్టి ఉంది. "తుమ్మ ముల్లు దిగినాది. ఎప్పుడు దిగినాదో తెలీదు. మా కోడలు శివకుమారి బండల మీద రక్తం చూసి అరిస్తే అప్పుడు చూసుకున్యా. నాకు నొప్పే తెలీల్యా మే." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "ముల్లు తీపిచ్చుకుని, మీ డాక్టరమ్మ కాడికి పోయినా. మాత్రలు నిలిపినందుకు కేకలేసినాది. మళ్లా మొదలుపెట్టినా. ఆ బంగారు డబ్బా పక్కన పెట్టినా. గాయం మానినాది, ఒరుసుకోకుండా గుడ్డ కట్టుకుని ఇంగ నడువు అనింది ఆయమ్మ. ఏమి చెప్పినాదో తెల్సునా? పాలు పోయకుండా తోడు యేస్తే పెరుగు కాదంట."

"అది నా మాట!" అన్నాను.

"నీ మాటని ఆయమ్మ చెప్పినాదిలే. అందుకే నీ కాడికి వచ్చినా. లేవు, పోదాం."

నాకు పోవాలని ఉంది. కానీ ఆ "లేవు, పోదాం"లో నాకు వేరే ఏదో వినబడింది. మా అత్త కోసం మా వాకిట్లో నిలబడి వాళ్లింటి పాలేరు పిలిచిన పిలుపు వినబడింది. నోరు ఆగలేదు. "నేను రానమ్మా. మీ ఎనక తోడు నడ్సేదానికి మా అత్త ల్యాదిప్పుడు."

కృపారాణి నా చేయి గిల్లింది. నాగలక్ష్మమ్మ చూపు చెప్పు లేని నా కాలి మీద పడింది.  ఆమెకు మా అత్త తెలుసు. ఆ మూటలూ తెలుసు. తరువాత, "చెప్పులు యేసుకో" అని మాత్రం అంది. కోపంగా కాదు, అడిగినట్టుగా అంది. కృపారాణి తెగిన పట్టీకి దారం చుట్టి నా కాళ్ల ముందు పెట్టింది. వేసుకున్నాను.

వీధి వీధంతా చూస్తుండగా బయలుదేరాము. ఆమె కాలు జాగ్రత్తగా వేస్తోంది, అందుకని వెనకబడింది. నేను ముందు, ఆమె నాలుగడుగులు వెనక.  దీవెనమ్మ తన గుమ్మంలో నిలబడి చూసింది. నేను తల వంచుకుని దాటాను.

కాలువ వంతెన దగ్గర ఓబుళేశు ట్రాక్టరు ఎదురైంది. వాడు ఆపాడు. చర్చిలో నేను చెప్పింది వాడికీ తెలుసు, అందుకే నన్ను అడగడానికి మొహమాటపడి, ఆమెను అడిగాడు. "యాడికమ్మా, మీరు నడుస్తాండారు? కారు ల్యాదా? నేను దింపనా?"

 ఆమె ఏం చెబుతుందో, ఆ చెప్పేదాన్ని బట్టి రేపు నేను రోడ్డెక్కుతానో లేదో.

నాగలక్ష్మమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. చెంగుతో ముఖం తుడుచుకుంది. "విశ్వాసమ్మకు తోడు పోతాండా" అంది.

వాడికి వెంటనే అర్థం కాలేదు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు, మా ఇద్దరి మధ్య ఉన్న ఆ నాలుగడుగులూ చూశాడు.  మా అత్త ఈ దారిలో ఎంతమందికి తోడు పోయిందో. ఆమెకు తోడు వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

నేను వెనక్కి తిరిగాను. "పక్కకు రాండమ్మా. ఎనకాల ఉంటే మాట్లాడేదానికి మెడ తిప్పలేక సస్తాండా" అన్నాను. ఆమె కుంటుకుంటూ వచ్చి నా పక్కన నిలబడింది. ఆయాసం తీరే దాకా నా భుజం పట్టుకుంది.

ఓబుళేశు ఇంకా అక్కడే ఉన్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? "ఆయమ్మ నీకు తోడు సరే. నువ్వు యాడికత్తా?" అన్నాడు.

"ఊరికేరా" అన్నాను.

ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు చూశాడు. నేను చెప్పలేదు. "సరే అత్తా" అని బండి పక్కకు తీసి మాకు దారి ఇచ్చాడు.